సున్నం లారీలో మా ఆఫీసంతా

ఈ ఉద్యోగంలో ఎందుకు చేరారని ఎవరడిగినా మేం నలుగురం నాలుగు అబద్ధాలు చెప్పేవాళ్ళం. చెప్పగా చెప్పగా అవి మాకే నిజాలనిపించేవి.

ఎనభైల నాటి మాట ఇది. నరసరావుపేటలో ఒక పాత పెంకుటింట్లో ఉండేది మా ఆఫీసు. మనసుకు జబ్బు చేసినవాళ్ళకి మందులివ్వడం, ఊళ్ళకెళ్ళి వాళ్ళని చూసి రావడం, నెమ్మదించాక ఏదో ఒక పనిలో నిలబెట్టడం మా పని. చందాల మీద నడిచే చిన్న సంస్థ. పిచ్చి అనే మాట ఎక్కడా కనపడకూడదని బోర్డు మీద 'ఆరోగ్య కేంద్రం' అని రాయించారు. ఏం లాభం? ఊరంతా 'పిచ్చోళ్ళాఫీసు' అనే అనేది. రిక్షా అతనికి బోర్డు మీది పేరు చెబితే తెలియదనేవాడు. ఊరు పెట్టిన పేరు చెబితే బేరమాడకుండా ఎక్కించుకునేవాడు.

ఆ ఇంటికి రెండు గుమ్మాలు. ముందు గుమ్మం రోడ్డు మీదికి, వెనక గుమ్మం పక్కింటావిడ గేదెల కొట్టంలోకి. మా దగ్గరికొచ్చేవాళ్ళంతా తల మీద తువ్వాలో పైటకొంగో కప్పుకుని, పేడ తొక్కుకుంటూ గేదెల మధ్య నుంచి వెనక గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. ముందు గుమ్మంలోంచి వచ్చేది పోస్టుమాను, చీపుళ్ళమ్మే మనిషి. కొత్త మొహాలు చూసి గేదెలు పాలు చేపడం లేదని పక్కింటావిడ మాతో కొన్నాళ్ళు దెబ్బలాడింది. ఆఖరికి ఆవిడే ఉపాయం చెప్పింది, తలకాయలు కప్పుకుని దొంగల్లాగా రావటం దేనికి, పాలకొచ్చినట్టు తలా ఒక చెంబు పట్టుకుని రమ్మనండి అని. అప్పటినుంచి మా రోగులందరి చేతుల్లోనూ చెంబులు. కొంతమంది వెళ్ళేటప్పుడు నిజంగానే పాలు పోయించుకుని వెళ్ళేవాళ్ళు. మా వల్ల ఆవిడ వ్యాపారం పెరిగింది. మందులకు మాత్రం మేం పైసా తీసుకునేవాళ్ళం కాదు.

ఇక మా అబద్ధాలు. డాక్టరుగారు గుంటూరు నుంచి వారానికోసారి వచ్చేవారు. సన్నగా, పొడుగ్గా, పెద్ద కళ్ళజోడుతో ఉండేవారు. పల్లెటూళ్ళకి సేవ చేద్దామని ఈ దారి పట్టానని చెప్పేవారు. చేసిన సేవ నిజమే. అసలు సంగతేమిటంటే ఆయనకి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. చదువుకునే రోజుల్లో ఆపరేషను బల్ల పక్కనే విరుచుకు పడిపోయారట. రక్తం కనపడని వైద్యం ఏదా అని వెతికితే ఇది దొరికింది.

ఈ సంగతి మాకు మోసుకొచ్చింది పెద్దక్క. గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. గొంతు విప్పిందంటే గేదెలు కూడా నెమరు ఆపేవి. ఇంట్లో కోడలి వంట తినలేక ఈ ఉద్యోగంలో చేరానని అందరికీ చెప్పేది. ఆ కోడలు కట్టిన క్యారేజీ మేమంతా లాక్కుని తినేవాళ్ళం, అంత బాగా వండేది. నిజం ఒకే ఒక్కసారి చెప్పింది, వత్తులు చేసుకుంటూ, తల ఎత్తకుండా. కారంపూడి దగ్గర వాళ్ళ పల్లెలో ఆవిడ చెల్లెల్ని గొడ్ల సావిట్లో కట్టేసి ఉంచారట. ఊళ్ళోవాళ్ళందరికీ సూదులు వేసిన తను, ఆ పిల్లకి ఏం చెయ్యాలో తెలియక సెలవుకి వెళ్ళినప్పుడల్లా తల దువ్వి వచ్చేదట. ఆ పిల్ల అక్కడే పోయింది. అది చెప్పి, వత్తుల డబ్బా మూత పెట్టి, పనికి లేచింది.

జీపు నడిపే భాయ్ అయితే జీపు కోసమే చేరానని గుండె మీద చెయ్యేసుకుని చెప్పేవాడు. అందులో సగం నిజం. ఆ జీపును ఆయన తుడిచినంత ప్రేమగా ఎవరూ నా మొహం కూడా తుడవలేదు. మిగతా సగం మాకు నెమ్మదిగా తెలిసింది. ఏ ఊరెళ్ళినా ముందు బస్టాండు దగ్గర ఆపి టీ తాగాల్సిందే. గ్లాసు చేతిలో పట్టుకుని, టీ చల్లారిపోతున్నా, అక్కడ తిరిగే గడ్డాలు పెరిగినవాళ్ళనీ బల్లల కింద పడుకున్నవాళ్ళనీ ఒక్కొక్కరినే చూసేవాడు. వాళ్ళన్న చాలా ఏళ్ళ కిందట ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. మేం పనిచేసినన్నాళ్ళూ దొరకలేదు. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ళ బస్టాండుల్లో టీ ఎక్కడ బాగుంటుందో మాత్రం మాకు కంఠతా వచ్చింది.

నేనా? జీతం కోసం అని చెప్పేదాన్ని. ఆ జీతం సంగతి తెలిసినవాళ్ళెవరూ నమ్మకూడదు, కానీ అందరూ నమ్మారు. అసలు సంగతి ఇది. పంతొమ్మిదేళ్ళప్పుడు నాకు జబ్బు చేసింది. అప్పుడు మా నాన్న ఇరిగేషనులో పని, విజయపురి సౌత్ క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మిగతావాళ్ళకి జబ్బంటే ఏడుపు. నాకు సంతోషం పట్టుకుంది. నిద్ర లేదు, నోరు మూత లేదు, లోకమంతా నాదే అనిపించింది. మా అమ్మ స్టీలు సామానంతా మోసుకెళ్ళి లైనులో ఉన్న ఇంటింటికీ పంచిపెట్టాను. పంచుతూ పాటలు పాడానట. డాక్టరుగారి మందులతో నెమ్మదించాను. మా అమ్మ ఇల్లిల్లూ తిరిగి సామాను తెచ్చుకుంది, ఒక్క ఇడ్లీ పాత్ర తప్ప. మా నాన్న ట్రాన్స్‌ఫరు పెట్టుకుని నరసరావుపేట వచ్చేశారు. ఇక్కడ అందరికీ టైఫాయిడ్ అని చెప్పాం. బంధువుల్లో ఎవరికైనా జ్వరమొస్తే మా అమ్మని సలహా అడిగేవాళ్ళు, ఆవిడ ధైర్యంగా చెప్పేది కూడా.

ఆఫీసు పెట్టినప్పుడు డాక్టరుగారే నన్ను పిలిచి మందుల బీరువా తాళాలు చేతికిచ్చారు. అవి నా నడుముకి వేలాడేవి. ఆ బీరువాలో ఉన్న మాత్రలే రాత్రిపూట నేనూ వేసుకుంటానని ఆయనకి, నాకు తప్ప ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఒకటే చిక్కు. నేను కొంచెం ఎక్కువ నవ్వానంటే చాలు, ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని నా వంక చూసేవారు. తర్వాత ఎవరూ లేనప్పుడు మెల్లగా అడిగేవారు, నిద్ర బాగా పడుతోందామ్మా అని. ఒళ్ళు మండిపోయేది నాకు. పెద్దక్క పగలబడి నవ్వితే సరదా మనిషి, నేను నవ్వితే జబ్బు మనిషినా? నవ్వొచ్చినప్పుడల్లా కొలత చూసుకుని నవ్వడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుసు. అసలే మా ఆఫీసులో రోజంతా నవ్వొచ్చే పనులే జరిగేవి.

అలాంటి రోజుల్లో చెంబు పట్టుకుని ఒక లారీ డ్రైవరు వచ్చాడు. వెంట భార్య. పిడుగురాళ్ళ సున్నం బట్టీల లారీ తోలేవాడు. ఒకరోజు గురజాల అవతల నడిరోడ్డు మీద లోడు లారీ ఆపి, ఇందులో దేవుడెక్కాడు నేను తోలకూడదని చెప్పి, తాళం జేబులో వేసుకుని చేలకడ్డం పడి నడిచి వెళ్ళిపోయాడు. భూతవైద్యాలన్నీ అయ్యాక మా దగ్గరికి తెచ్చారు. ఏడాది మందులు వాడాడు. మనిషి కుదురుకున్నాడు. మందులకి మత్తు లేదనీ, చూపు, చెయ్యి, తెలివి అన్నీ సరిగ్గా ఉన్నాయనీ డాక్టరుగారు ఒకటికి పదిసార్లు పరీక్ష చేసి తేల్చారు. కానీ స్టీరింగు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. బట్టీ దగ్గర రాళ్ళ తట్టలు మోస్తున్నాడు. సున్నం తగిలి అరచేతులు చీలిపోయాయి.

"తట్టలు మోయటానికి నాకేం నామోషీ లేదక్కా," అన్నాడు పెద్దక్కతో. "బళ్ళో మావోణ్ణి పిచ్చోడి కొడుకంటన్నారు. వాడికి డ్రైవరు కొడుకనిపించుకోవాలనుంది."

అంతే, మా నలుగురికీ అదే ధ్యాస అయింది. పిడుగురాళ్ళలో ఆ లారీ ఓనరు దగ్గరికి వెళ్ళాం. బల్ల మీద, కుర్చీల మీద, ఆయన కనుబొమ్మల మీద కూడా సున్నం దుమ్మే. డాక్టరుగారు ఇది కూడా షుగరులాంటి జబ్బేననీ, మందు వాడినన్నాళ్ళూ మనిషికి ఢోకా లేదనీ చాలాసేపు చెప్పారు. ఓనరు పళ్ళు కుట్టుకుంటూ అంతా విన్నాడు. విని, అంత నమ్మకముంటే ఆ లారీలో వాడి పక్కన మీరే కూర్చోండి, పిడుగురాళ్ళ నుంచి మాచర్ల దాకా, లోడుతో, నేనూ ఎక్కుతా అన్నాడు.

డాక్టరుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. భాయ్ తనకి జీపుందని గుర్తు చేసుకున్నాడు. నమ్మండి నమ్మండి అని ఊరూరా చెప్పి తిరిగే మాకు, ఆ నమ్మకం మీద ఎక్కి కూర్చోమనేసరికి తలా ఒక వంక దొరికింది. పెద్దక్కే ముందు తేరుకుని, ఎక్కుతాం, దానికేం భాగ్యం అంది. బయటికొచ్చాక మాత్రం, వాడు నిజంగా తోలగలడంటావా అని నన్నే అడిగింది.

ఆ వారమంతా మా పెరట్లో రిహార్సళ్ళు. నాలుగు కుర్చీలు లారీ. అన్నం పళ్ళెం స్టీరింగు. అతన్ని కూర్చోబెట్టి, ఓనరు ముందు ఎలా మసులుకోవాలో మా తెలివంతా ధారపోశాం. గొంతు పెంచావంటే మళ్ళీ వచ్చిందంటారు, కాబట్టి మెల్లగా మాట్లాడు అంది పెద్దక్క. స్పీడు వెళ్ళావంటే ఆవేశమంటారు, కాబట్టి నింపాదిగా వెళ్ళు అన్నారు డాక్టరుగారు. ఎవరేం అన్నా తిట్టద్దు, దయచేసి అను, మీరు అను అన్నాను నేను. భాయ్ ఆర్టీసీ బస్సయి, బుగ్గలు పూరించి హారను కొడుతూ అడ్డం వచ్చేవాడు. నేను గేదెనయ్యాను. రోడ్డు మధ్యలో నిలబడి తల ఊపితే, అతను పళ్ళెం పట్టుకుని, అయ్యా, దయచేసి కాస్త జరగండి అని గేదెకి మొక్కేవాడు. గోడ అవతల అసలు గేదెల పక్కన చెంబులతో నిలబడ్డవాళ్ళంతా చూసి నవ్వేవాళ్ళు. నాకు నవ్వాగలేదు. డాక్టరుగారి కళ్ళజోడు పైకి లేచింది. నేను గేదె మొహం పెట్టి ఊరుకున్నాను.

అనుకున్న రోజు పొద్దున్నే లారీ ఎక్కాం. డ్రైవరు పక్కన ఓనరు, ఆయన పక్కన డాక్టరుగారు, తర్వాత పెద్దక్క, చివర తలుపుని ఆనుకుని నేను. ఆ రోజుకి క్లీనరు లేడు. వెనకాల అప్పుడే కాల్చి దించిన సున్నపు రాయి. మా వెనక జీపులో భాయ్, ఏదైనా అయితే అందరినీ ఎత్తుకుపోవడానికి తయారుగా. డ్రైవరు స్టీరింగుకి దణ్ణం పెట్టుకున్నాడు. చేతులు దాని మీద ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు.

తర్వాత బండి కదిలింది. కదిలింది అనే అనాలి. మేం నేర్పిన పాఠం అతను ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పడం మొదలుపెట్టాడు. సైకిలు వాళ్ళు మమ్మల్ని దాటిపోయారు. ఎండు మిరపకాయల బస్తాలేసుకున్న ఎడ్లబండి దాటిపోయింది. గొర్రెల మంద అడ్డమొస్తే లారీ ఆపి, దిగి, కాపరి దగ్గరికెళ్ళి, చేతులు కట్టుకుని, దయచేసి దారిస్తారాండీ అని అడిగాడు. కాపరి భయపడి మందని వదిలేసి చేలోకి పోయాడు. హారను ఒక్కసారి కూడా కొట్టలేదు. ఓనరు కణతలు ఉబ్బుతున్నాయి. ఆయన ఉండబట్టలేక, హారను కొట్టరా అంటే, ఎందుకండీ పాపం, వాళ్ళూ మనుషులే గదండీ అన్నాడు డ్రైవరు.

ఓనరు డాక్టరుగారి వైపు తిరిగాడు. "ఏందయ్యా ఇది? ఇరవయ్యేళ్ళ నించి చూస్తన్నా, తిట్టని లారీ డ్రైవరుని యాడా చూళ్ళా. వీడికి తగ్గలా. ఇంకా ముదిరింది."

పెద్దక్క నా చెవిలో నోరు పెట్టి, మనమే చెడగొట్టామే వీణ్ణి అంది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. చూస్తే ఆవిడకీ అదే పరిస్థితి. ఇద్దరం ఒకే కొంగు నోట్లో కుక్కుకున్నాం. ఒక పక్క అతని బతుకు చేజారిపోతోందని ఏడుపు, ఇంకో పక్క ఆ గొర్రెలకాపరి మొహం. ఇలా వెళితే మాచర్ల చేరేసరికి ఓనరు తాళం లాక్కుని మమ్మల్ని కూడా ఏదో ఒక గొడ్ల సావిట్లో కట్టేయించేలా ఉన్నాడు.

గురజాల దాటి రెంటచింతల దగ్గర పడుతుండగా మబ్బు పట్టింది. రాష్ట్రంలో అన్ని ఊళ్ళకంటే ఎక్కువ మాడే ఊరు అది, ఎండాకాలంలో అక్కడ వానేమిటి? కానీ గాలి లేచింది, దుమ్ము లేచింది, అద్దం మీద చుక్కలు పడ్డాయి. ఓనరు మొహం బట్టీలోంచి తీసినట్టు తెల్లబడింది. కాల్చిన సున్నపు రాయికి నీళ్ళు తగిలితే కుతకుత ఉడుకుతుంది. లోడంతా తడిస్తే సరుకు పోవడమే కాదు, లారీయే అంటుకోవచ్చు. కప్పాల్సిన టార్పాలిన్ పట్టా ఏమో మడతపెట్టి క్యాబిన్ మీద ఉంది.

లారీ కీచుమని ఆగింది. అప్పుడు మేం నేర్పిందంతా గాలికి కొట్టుకుపోయింది. డ్రైవరు ఒక్క దూకులో పైకెక్కి పట్టా విప్పుతూ గర్జించాడు. "ఏందయ్యా చూస్తా నిలబడ్డారు? తాడు పట్టుకోండి. ఓనరూ, నువ్వు అటు. డాక్టరూ, ఆ కొస లాగు. నీకు తిండి పెట్టరా ఇంట్లో? లాగవయ్యా." ఈ మాటల మధ్యలో ఇంకొన్ని మాటలున్నాయి. అవి నేను అచ్చులో పెట్టలేను. మా అందరి తల్లిదండ్రులూ, గాలీ, వానా, ఆ పట్టా కుట్టినవాడూ, ఎవ్వరినీ వదల్లేదు. పెద్దక్క చీర కచ్చ బిగించి చక్రం మీదికెక్కింది. భాయ్ జీపు వదిలి, అవును, జీపు తలుపు తీసి వానలో వదిలేసి, పరిగెత్తుకొచ్చాడు. నేను తాడు పట్టుకుని వెనక్కి వేలాడాను. జుట్టంతా ఊడి, కళ్ళల్లో సున్నం పడి మండుతుంటే, పట్టా అంచు కింది కొక్కేనికి తగిలించి ముడి వేశాను.

సరిగ్గా అప్పుడు ఓనరు చెయ్యి కొక్కేనికి గీసుకుని రక్తం కారింది. చూపిద్దామని డాక్టరుగారి ముందు పెట్టాడు. డాక్టరుగారు మర్యాదగా, మెల్లగా, రోడ్డు మీద కూర్చుని, తర్వాత పడుకున్నారు. ఓనరు తన రక్తం మరిచిపోయి నోరు తెరిచాడు. పెద్దక్క ఒక చేత్తో ఓనరుకి గుడ్డ కట్టి, ఇంకో చేత్తో డాక్టరుగారి మొహాన నీళ్ళు కొట్టింది. ఇదేం డాక్టరమ్మా అని ఓనరు అడిగితే, చానా మంచి డాక్టరు, తలకాయ లోపలిదే చూస్తాడు, బయటిది చూళ్ళేడు అంది.

భాయ్ జీపెక్కాడు, మమ్మల్ని ఎక్కించుకుని డ్రైవరు లారీ ఉరికించాడు. వాన మమ్మల్ని తరుముతోంది, మేం ముందు పరిగెత్తుతున్నాం. హారను మీంచి చెయ్యి తీయడం లేదు. ముందొక ఆర్టీసీ బస్సు దారివ్వకుండా ఊగుతూ పోతుంటే, ఎదురు రోడ్డు చాలాదూరం ఖాళీగా కనిపించేదాకా ఓపిక పట్టి, అప్పుడు దాటించి, పక్కన వస్తున్నప్పుడు ఆ డ్రైవరుకి ఒక తిట్టు ప్రేమగా అందించాడు. అతనూ ప్రేమగా తిరిగి ఇచ్చాడు. ఇద్దరూ పాత స్నేహితులట. పెద్దక్క ఈల వేసింది. రిటైరైన నర్సు ఈల వేయగా నేను అదే మొదలు వినడం. నేను నవ్వాను. కొలత లేదు, భయం లేదు, కడుపు నొప్పి పుట్టేదాకా, కళ్ళలో నీళ్ళు సున్నంతో కలిసి చెంపల మీద చారలు కట్టేదాకా నవ్వాను.

మాచర్లలో వాన లేదు. సున్నం కొట్టు ముందు లోడు పొడిగా దిగింది. బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నాం. ఓనరు కట్టు కట్టిన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"తోలాడు. కాదన్ను," అన్నాడు ఆఖరికి. "కానీ ఒక్కరోజు ఎక్కటం వేరు డాక్టరుగారూ. రేపు మళ్ళీ వస్తే మీరు గుంటూరులో ఉంటారు, లారీ నాది పోద్ది. ఇంత చెబుతున్నారే, ఇట్టాంటోణ్ణి మీ ఆఫీసులో పెట్టుకుంటారా? తాళాలు చేతికిస్తారా?"

డాక్టరుగారు నోరు తెరిచి మూసేశారు. ఒక్క మాట చెబితే ఓనరుకి జవాబు దొరుకుతుంది. ఆయన చెప్పరని నాకు తెలుసు. రోగి సంగతి ప్రాణం పోయినా బయటపెట్టే మనిషి కాదు. నేల చూస్తూ కూర్చున్నారు. డ్రైవరు ఆ మౌనాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు. మొహం వాడిపోయింది. లారీ తాళం అరచేతిలో పెట్టుకుని ఓనరుకి అందించడానికి లేచాడు. చీలిన ఆ అరచేతి గీతల్లో ఇంకా సున్నం ఉంది.

మా అమ్మ అన్నేళ్ళు కాచిన టైఫాయిడ్ గుర్తొచ్చింది. ఓనరు చుట్టాలు సగంమంది నరసరావుపేటలోనే ఉన్నారని కూడా గుర్తొచ్చింది. భయమేసింది. చాలా భయమేసింది. నడుముకున్న తాళాల గుత్తి తీసి బల్ల మీద, టీ గ్లాసుల మధ్య పెట్టాను.

"పెట్టుకున్నారండీ," అన్నాను. "నన్ను. మందుల బీరువా తాళాలివి. అందులో మాత్రలు నేను గూడా ఏసుకుంటా."

ఓనరు నన్ను పైనించి కిందికి చూసి, నీకేం జబ్బమ్మా, గుండ్రాయిలాగున్నావు అన్నాడు. చెప్పాను. విజయపురి సౌత్ సంగతి, పాటల సంగతి, స్టీలు సామాను సంగతి అంతా చెప్పాను. చెబుతుంటే నాకే మళ్ళీ నవ్వొచ్చింది. ఓనరు చాలా గంభీరంగా, సామానంతా తిరిగొచ్చిందా అని అడిగాడు. ఒక్క ఇడ్లీ పాత్ర రాలేదని చెప్పాను. అది అన్యాయం అన్నాడు. అని, గ్లాసు కింద పెట్టి, డ్రైవరు చాచిన చేతిని తాళం మీదే వేళ్ళతో సహా మూసేశాడు.

"రేపు తెల్లారేసరికి బట్టీ కాడుండు. విజయపురి సౌత్‌కి లోడుంది. వీళ్ళని మాత్రం ఎక్కించుకోమాక, నాకు భయం."

డ్రైవరు వెళ్ళి లారీ ఎక్కి, ఆగి ఉన్న లారీలో కూర్చుని, హారను మీద చెయ్యి పెట్టి అలా కొడుతూనే ఉన్నాడు. బజారంతా తిరిగి చూసింది. ఎందుకు కొడుతున్నావని మేమెవరం అడగలేదు.

తిరుగు ప్రయాణంలో జీపెక్కాం. భాయ్ బస్టాండు దగ్గర ఆపి, అందరినీ చూసి వచ్చి ఎక్కాడు. పెద్దక్క నా తల తన భుజం మీదికి లాక్కుని సున్నం దులుపుతూ, "మా చెల్లెలు గూడా గిన్నెలే పంచిందే," అంది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత భాయ్, డాక్టరుగారు మర్యాదగా పడుకోవడం చేసి చూపించాడు, స్టీరింగు వదలకుండానే. మళ్ళీ నవ్వు. నేనే అందరికంటే గట్టిగా నవ్వాను. డాక్టరుగారు కళ్ళజోడు పైకి తోసుకుని నా వంక చూశారు. అడుగుతారు, ఇక నిద్ర సంగతి అడుగుతారు అని ఒళ్ళు బిగబట్టుకున్నాను.

"ఆ ఇడ్లీ పాత్ర పెద్దదేనా?" అన్నారాయన.

ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పేశాను. ఇంకొకరి నోట వినడం కంటే నయమని. ఆవిడ పొయ్యి ముందు కూర్చుని అంతా విని, అక్కడ ఎవరెవరున్నారని అడిగింది. చెప్పాను. పులుసు కలిపి, ఉప్పు చూసింది.

"అయితే ఇంక అడిగించొచ్చు," అంది. "ఆ ఇడ్లీ పాత్ర ఎవరింట్లో ఉందో నాకు మొదట్నించీ తెలుసు. గట్టిగా అడిగితే నీ సంగతి తీస్తారని ఊరుకున్నా."

అంత ఇష్టమైన పాత్రని నా కోసం వదులుకుందని నాకు అప్పటిదాకా తెలియదు. కావలించుకుందామని వెళ్తే, ముందు ఆ సున్నం కడుక్కో అంది.

కొద్దిరోజుల తర్వాత, మధ్యాహ్నం పూట, మా ఆఫీసు ముందు రోడ్డంతా తెల్లటి దుమ్ము లేచింది. లారీ వచ్చి సరిగ్గా బోర్డు కింద ఆగింది. హారను విని వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. డ్రైవరు దిగాడు. తల మీద తువ్వాలు లేదు. చేతిలో చెంబు లేదు, మా అమ్మ ఇడ్లీ పాత్ర ఉంది. మా అమ్మ చెప్పిన గుర్తులతో విజయపురి సౌత్‌లో ఆ ఇల్లు వెతుక్కుని, వాళ్ళ వాకిట్లో లారీ పెట్టి, ఇచ్చేదాకా కదల్లేదట. పాత్రని చంకలో పెట్టుకుని తిన్నగా ముందు గుమ్మంలోంచి లోపలికొచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒక రేకు తక్కువైంది చెల్లెమ్మా, ఈసారి లోడుకి పోయినప్పుడు అదీ తెస్తా అన్నాడు. మందులు తీసుకుని, వచ్చిన గుమ్మంలోంచే వెళ్ళాడు.

వెనక గుమ్మం దగ్గర ఒకావిడ చెంబు పట్టుకుని నిలబడి ఇదంతా చూసింది. తన వంతు వచ్చాక మందులు తీసుకుంది. కొట్టం వైపు రెండడుగులు వేసి ఆగింది. పైటకొంగు తల మీంచి తీసి భుజాన వేసుకుని, నా బల్ల పక్కనుంచి నడిచి, ముందు గుమ్మంలోంచి రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.